సాక్ష్యం తాత

చీరాల, పేరాల, వేటపాలెం, బాపట్ల ప్రాంతాల్లో అరవైల్లో, డెబ్భైల్లో పెరిగినవాళ్ళకి వీధి సువార్త అంటే ఏమిటో విడమర్చి చెప్పక్కర్లేదు. పొద్దుగూకి, ఐఎల్‌టిడి పొగాకు కంపెనీలో పని ముగించుకున్న ఆడకూలీలు ఇళ్ళకు చేరి పొయ్యి రాజేసుకునే వేళకి, నాలుగు వీధులు కలిసేచోట ఒక పెట్రోమాక్స్ లైటు వెలిగేది. ఒక కుర్రాడు దాన్ని నెత్తిన పెట్టుకునో, చెట్టుకొమ్మకి వేలాడదీసో నిలబడేవాడు. మైకు ఉండేది కాదు, వేదిక ఉండేది కాదు. ఒక కంజీర, ఒక జత తాళాలు, అట్ట ఊడిపోయిన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం, భుజాన వేలాడే గుడ్డసంచి నిండా సన్నటి సువార్త పుస్తకాలు. రెండు కీర్తనలు అయ్యేసరికి పిల్లలం చేరేవాళ్ళం. మూడో కీర్తనకి మగ్గం గుంటల్లోంచి మగవాళ్ళు లేచి నడుం విరుచుకుంటూ అరుగుల మీదికి వచ్చేవాళ్ళు. ఆడవాళ్ళు మాత్రం గడప దాటేవాళ్ళు కాదు. తలుపు ఓరగా తీసి అక్కడినుంచే వినేవాళ్ళు.

మా వైపు ఇది చాలా పాత సంగతి. ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషన్‌లో పనిచేసిన జాన్ క్లౌ కాలంలో, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని చరిత్రలో రాసి ఉంది. ఆ జనంలో ఎందరో మొదట సువార్త విన్నది దొర నోట కాదు, ఎర్రగుంట్ల పేరయ్య లాంటి మాదిగ పెద్దల నోట. తోళ్ళ వ్యాపారం కోసం తిరిగిన దారుల్లోనే పేరయ్య సువార్త కూడా చెప్పుకుంటూ పోయాడు. ఊరి నడివీధిలో చెప్పులేసుకుని నడవటానికి వీల్లేని మనుషులు అదే నడివీధిలో నిలబడి నలుగురికీ వినిపించేలా మాట్లాడటం మా ప్రాంతంలో అట్లా అలవాటైంది. వీధి సువార్తను మతం మార్చే పనిగా మాత్రమే చూసేవాళ్ళు ఈ సంగతిని వదిలేస్తారు. నాకు మాత్రం దానిలో అన్నిటికంటే పెద్ద సంగతి ఇదే.

మా చిన్నతనానికి ఈ పనిలో రకరకాల మనుషులు ఉండేవాళ్ళు. సైకిలు వెనక పెట్టె కట్టుకుని బైబిళ్ళు, సువార్త ప్రతులు చిల్లర పైసలకి అమ్మేవాళ్ళు వచ్చేవాళ్ళు. తెల్లచీర కట్టుకున్న బైబిలు స్త్రీలు మధ్యాహ్నం పూట ఇళ్ళలోకి వచ్చి ఆడవాళ్ళకి కథలు చెప్పి, పనిలో పనిగా అక్షరాలు దిద్దించేవాళ్ళు. విశాలమైన దారి, ఇరుకు దారి గీసి ఉన్న గుడ్డబొమ్మని వెదురుబద్దకి తగిలించి చూపించేవాళ్ళు కొందరు. వీళ్ళందరిలో మా వీధి ఎదురుచూసింది ఒక్క మనిషి కోసమే. ఆయన్ని పేరుపెట్టి పిలిచినవాళ్ళు నాకు గుర్తులేరు. పిల్లా పెద్దా అందరికీ ఆయన సాక్ష్యం తాత.

పొట్టి మనిషి. గట్టి భుజాలు. మోకాళ్ళ కిందికి దిగని పంచె, మోచేతుల దాకా మడిచిన చొక్కా, టైరు చెప్పులు. పాట అయ్యాక కంజీరని చంకలో ఇరికించుకుని, గొంతు సవరించుకోకుండా, ఎప్పుడూ ఒకే మాటతో మొదలుపెట్టేవాడు.

"అమ్మలారా, అయ్యలారా, నేను దొంగని. ఊరికే అనటంలా. కోర్టు అన్నది, జైలు అన్నది, నేనూ అంటున్నా."

వీధి నిశ్శబ్దమైపోయేది. అక్కడినుంచి ఆయన చెప్పేదాన్ని ప్రసంగం అనలేం. దేవుడి మాట చివర్న ఎప్పుడో వచ్చేది. ముందంతా దొంగతనమే. కన్నం వేసే ఇంటిని ఎట్లా ఎంచుకుంటారో చెప్పేవాడు. పెళ్ళి జరిగిన ఇంట్లో మూడోరాత్రి అందరూ ఒళ్ళు తెలియకుండా నిద్రపోతారని, బాలింత ఉన్న ఇంటి జోలికి వెళ్ళరని, కుక్కకి ముందురోజు నుంచే అన్నం ముద్ద అలవాటు చేస్తారని చెప్పేవాడు. వర్షాకాలంలో మట్టిగోడ వెనకవైపు నాని ఉంటుందని, గునపం తగిలినా చప్పుడు రాదని చెప్పేవాడు. గోడకి చెయ్యి ఆనించి లోపల మనిషి గురక వింటూ నిలబడే ఆ కాసేపు ఎట్లా ఉంటుందో ఆయన చెబుతుంటే మా ఒళ్ళు జలదరించేది. మా నాయనమ్మ ఆయన సాక్ష్యం విన్న మర్నాడే వడ్రంగిని పిలిపించి పెరటి తలుపుకి కొత్త గడియ పెట్టించింది. "ఆయన చెప్పింది దేవుడి కోసమో మనకోసమో, నా గడియ మాత్రం గట్టిదైంది" అనేది. ఆమె చనిపోయేదాకా ఏకాదశి ఉపవాసం మానలేదు, తాత వచ్చిన రోజున చెంబుడు మజ్జిగ పంపడమూ మానలేదు.

ఆయనది స్టువర్టుపురం. బాపట్లకీ చీరాలకీ మధ్య రైలుస్టేషను ఉన్న ఊరు. ఆ పేరు చెబితే రైలుపెట్టెలో జనం మూటలు దగ్గరికి లాక్కునే రోజులవి. ఆ ఊరు ఎట్లా పుట్టిందో తెలుసుకోకుండా తాతని అర్థం చేసుకోవడం కుదరదు కాబట్టి కొంచెం చెప్పాలి.

తాత ఎరుకల కులస్థుడు. ఎరుకలవాళ్ళు ఒకప్పుడు గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని తీరానికీ లోపలి జిల్లాలకీ మధ్య తిరిగిన సంచార వ్యాపారులు. బుట్టలు అల్లేవాళ్ళు, పందుల్ని మేపేవాళ్ళు, సోది చెప్పేవాళ్ళు వాళ్ళలోనే వేరే తెగలు. బ్రిటిషు ప్రభుత్వం ఉప్పు మీద పెత్తనం తీసుకోవడం, రైళ్ళు వచ్చి సరుకు రవాణా మారిపోవడంతో ఆ బతుకుతెరువు పోయింది. తిరిగే మనిషికి పని లేకపోతే ప్రభుత్వం కంటికి దొంగలాగే కనిపించాడు. 1871లో ఉత్తరాదిలో మొదలైన నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో సవరించి మద్రాసు రాజధానికి కూడా వర్తింపజేశారు. ఆ చట్టం కింద ఒక కులాన్ని నేరస్థ జాతిగా ప్రకటిస్తే చాలు, అందులో పుట్టినవాళ్ళ పేర్లు రిజిస్టరులోకి ఎక్కించొచ్చు, వేలిముద్రలు తీసుకోవచ్చు, రోజూ హాజరు పలికించొచ్చు, అనుమతి చీటీ లేకుండా ఊరు దాటితే జైల్లో పెట్టొచ్చు. 1913లో ఎరుకల కుటుంబాలని తెచ్చి ఒకచోట కూర్చోబెట్టిన సెటిల్‌మెంటే స్టువర్టుపురం. మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలిలో సభ్యుడైన హెరాల్డ్ స్టువర్ట్ పేరు దానికి పెట్టారు. నడిపే బాధ్యతను సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థకి అప్పగించారు.

ఆ సాల్వేషన్ ఆర్మీ సంగతి కూడా విచిత్రమైనదే. ఇండియన్ సివిల్ సర్వీసు ఉద్యోగం వదిలేసిన ఫ్రెడరిక్ టక్కర్ 1882లో బొంబాయిలో దిగి, కాషాయం కట్టి, చెప్పుల్లేకుండా నడిచి, ఫకీర్ సింగ్ అని పేరు పెట్టుకున్నాడు. వీధుల్లో పాడుకుంటూ ఊరేగారని అప్పటి పోలీసులు ఆయన్నీ ఆయన మనుషుల్నీ జైల్లో పెట్టారు. వీధి సువార్త చెప్పినందుకు జైలుకెళ్ళిన సంస్థే, ముప్ఫై ఏళ్ళు తిరిగేసరికి, ఒక జాతిని కట్టడి చేసే ప్రభుత్వపు పనిని చేతుల్లోకి తీసుకుంది. బడి పెట్టింది, మందు ఇచ్చింది, మగ్గం నేర్పింది, పాటలు నేర్పింది. హాజరు పట్టీ కూడా అదే పట్టుకుంది. చీరాల పొగాకు కంపెనీకి కావలసిన కూలీలు ఆ సెటిల్‌మెంటు నుంచే వెళ్ళేవాళ్ళు. ఈ రెండు పనుల్నీ కలిపి మెచ్చుకోవడం నావల్ల కాదు, కలిపి తిట్టడమూ నావల్ల కాదు. తాతకి కంజీర ఇచ్చింది కూడా ఆ సెటిల్‌మెంటే మరి. చిన్నప్పుడు అక్కడి హాలులో కొట్టడం నేర్చుకున్నానని చెప్పేవాడు.

ఆయన నోట మేం విన్న మొదటి జ్ఞాపకం కూడా హాజరు గురించే. రాత్రిపూట పేరు పిలిస్తే తండ్రి నిద్రలోంచి లేచి పలికేవాడట. ఒకరాత్రి జ్వరంతో పలకలేకపోతే పక్కనున్న తల్లి భుజం పట్టి లేపి కూర్చోబెట్టిందట. "మా నాయన జన్మలో ఒక్క మేకని కూడా దొంగిలించలా. ఈతబరిగెలు కోసుకొచ్చి బుట్టలల్లాడు. మా తాతకిచ్చిన చేలో ఉప్పు తేలితే పొగాకు కంపెనీకి పోయాడు. దొంగ అని రాసుకుంది మాత్రం ఆయన పేరే." అట్లా చెప్పి కాసేపు ఆగేవాడు. "నేను నిజంగా దొంగనయ్యేనాటికి ఆ చట్టం పోయింది."

మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టాన్ని 1947లో ఎత్తేశారు. దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. ఆనాటి నుంచి వాళ్ళని విముక్త జాతులు అన్నారు. పేరు మారింది కానీ ఊరిపేరు చెప్పినవాడికి పని ఇచ్చే చెయ్యి మాత్రం పెరగలేదు. తాత ఆ కాలంలోనే, మీసం సరిగా రాని వయసులో, రాత్రి పనికి దిగాడు. దీన్ని చెప్పేటప్పుడు ఆయన చాలా జాగ్రత్తగా ఉండేవాడు. అరుగుల మీద చదువుకున్నవాళ్ళెవరైనా "పాపం, పని దొరక్క చేశాడు" అంటే వెంటనే అడ్డుకునేవాడు.

"అట్టనొద్దయ్యా. పని దొరకనోళ్ళు మా ఊళ్ళో బోలెడుమంది. వాళ్ళు దొంగలు కాలా. నేనయ్యా. అది నాది. నా నాయన మీదికి పోనియ్యను, మా కులం మీదికి పోనియ్యను."

ఎన్నో కూటాలు విన్నాను, పెద్ద పెద్ద బోధకుల్ని విన్నాను. పాపం ఒప్పుకోవడం గురించి ఇంత తేటగా చెప్పిన మనిషిని మాత్రం చూడలేదు. పుట్టుకను బట్టి దొంగ అని ముద్రవేసిన చట్టానికి ఆయన ఇచ్చిన జవాబు అది. నేను ఏ నేరమూ చేయలేదని ఆయన అనలేదు. చేసింది నాది, పుట్టింది మాత్రం నేరం కాదు అన్నాడు. ఈ రెంటి మధ్య గీత గీయడానికి ఆయనకు వీధి కావాల్సి వచ్చింది. పోలీసు రిజిస్టరులో ఆ గీత లేదు. కోర్టు కాగితాల్లో లేదు. నలుగురు నిలబడి వినే వీధిలో, తన గొంతుతో, తన దొంగతనాల్ని ఒక్కొక్కటే విప్పి చెప్పుకోవడం వల్ల అది ఏర్పడింది. ఒకసారి ఒక పాస్టరుగారు కూటం అయ్యాక ఆయన్ని పక్కకి పిలిచి, మనిషి పుట్టుకతోనే పాపి కదా, అట్లా చెప్పకూడదు అన్నారు. తాత చేతులు కట్టుకుని విన్నాడు. "అందరూ పుట్టుకతో పాపులైతే మంచిదే అయ్యగారూ. మమ్మల్ని ఒక్కళ్ళనే వేరే పుస్తకంలో ఎందుకు రాశారని అడుగుతున్నా" అన్నాడు. అయ్యగారు ఇంకేం మాట్లాడలేదు.

తాతకి మారుమనస్సు కలిగింది రాజమండ్రి సెంట్రల్ జైల్లో. అక్కడికి వచ్చిన ఒక బోధకుడు సువార్త పుస్తకం ఇచ్చి వెళ్ళాడు. సెటిల్‌మెంటు బడిలో నేర్చిన అక్షరాలు అప్పటికి సగం మర్చిపోయాడు. పక్క ఖైదీ సాయంతో కూడబలుక్కుంటూ చదివాడు. వెలుగు కనిపించిందనో, గొంతు వినిపించిందనో ఆయన ఎప్పుడూ చెప్పలేదు. యేసుతోపాటు సిలువ వేసినవాళ్ళలో ఒక దొంగ, తనకి పడిన శిక్ష న్యాయమైనదే అని ఒప్పుకుంటాడు. ఆ చోట పుస్తకం మూసేసి చాలాసేపు కూర్చున్నానని మాత్రం చెప్పేవాడు. తన లోపల ఉన్న మాటని ఇంకో దొంగ అంతకుముందే అనేశాడు కదా అనిపించిందట.

బయటికి వచ్చాక ఆయన చేసిన పని అందరికంటే కష్టమైనది. పన్ను వసూలు చేసే జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్న కథ ఆయనకి కంఠతా వచ్చు. నాలుగంతలు ఇచ్చే స్తోమత లేదు. భార్య అల్లిన బుట్టలు, పందుల మీద వచ్చే నాలుగు డబ్బులు, పొలంపనుల కూలి. అందులోంచే కొంత కొంత దాచి, కన్నం వేసిన ఇళ్ళకు వెళ్ళి తలుపు తట్టేవాడు. కొందరు కొట్టారు. కొందరు భయపడి తలుపు తీయలేదు. ఒకాయన డబ్బు తీసుకుని లెక్కపెట్టుకుని, వడ్డీ ఏదన్నాడట. వీటిని చెప్పేటప్పుడు ఆయన గొంతు మారేది కాదు. ఒక్క ఇంటి దగ్గరే మారేది.

ఆ ఇంట్లో ఒక విధవరాలు. ఆమె కూతురి పెళ్ళికని దాచుకున్న గొలుసు ఆయన తీసుకెళ్ళాడు. ఏళ్ళ తర్వాత నెలనెలా ఇంత అని తెచ్చిస్తానని ఆ ఇంటి మెట్ల కింద నిలబడి అడిగాడు. ఆమె డబ్బు వద్దంది. "గొలుసు సంగతి సరేనయ్యా. ఆ రాత్రి మా పిల్ల కళ్ళు తెరిచి నిన్ను చూసింది. ఈనాటికీ దీపం ఆర్పితే నిద్రపోదు. దాన్ని ఏం చేస్తావు?" అని అడిగింది.

"ఏం చేస్తాను?" అని తాత వీధిని అడిగేవాడు. ఎవరూ పలికేవాళ్ళు కాదు. "బంగారం తిరిగిస్తాను. భయాన్ని ఎట్టా తిరిగియ్యాల? ఆ అమ్మాయికి పెళ్ళయ్యింది, బిడ్డలు పుట్టారు, ఇంకా దీపం పెట్టుకునే పడుకుంటదంట. దేవుడు నన్ను క్షమించాడు. ఆ దీపం మాత్రం ఎలగతానే ఉంది." అప్పుడు కంజీర తీసుకుని ఇంకో కీర్తన ఎత్తుకునేవాడు. ఈ రోజుల్లో సాక్ష్యాలన్నీ సుఖాంతంగా ముగుస్తాయి. పాత జీవితం అంతా చీకటి, కొత్త జీవితం అంతా వెలుగు. తాత సాక్ష్యం అట్లా ఉండేది కాదు. సరిచేయలేని దాన్ని సరిచేయలేనిదిగానే నిలబెట్టేవాడు. అందుకే మా వీధి ఆయన్ని నమ్మింది.

ఇంకో సంగతి చెప్పేటప్పుడు అరుగుల మీద పెద్దమనుషులు కొందరు లేచి లోపలికి వెళ్ళిపోయేవాళ్ళు. దొంగసొత్తు కొన్నవాళ్ళ సంగతి. "నేను తెచ్చిన బంగారం నా పెళ్ళాం మెళ్ళో ఎప్పుడన్నా చూశారా? నా పిల్లలు సిల్కు కట్టారా? మరి అది ఎటుపోయింది? తులానికి పావొంతు ధర ఇచ్చి కరిగించుకున్నోళ్ళు ఉన్నారు. వాళ్ళ మేడలు ఉన్నయి. పేర్లు నేను చెప్పను. వాళ్ళ సాక్ష్యం వాళ్ళే చెప్పుకోవాల." అట్లా చెప్పుకున్నవాళ్ళెవరూ నాకు తారసపడలేదు. కన్నం వేసినవాడు జైలుకి వెళ్ళాడు, ఊరికి చెడ్డపేరు వచ్చింది, కొన్నవాళ్ళు గుళ్ళకీ చర్చిలకీ చందాలు రాశారు. స్టువర్టుపురం గురించి ఎన్నో కథలు వచ్చాయి కానీ ఆ కొనుగోలుదారుల కథ ఎవరూ రాసినట్టు లేదు.

ఇంత చేసినా చుట్టుపక్కల ఎక్కడ దొంగతనం జరిగినా పోలీసులు ముందు ఆయన ఇంటికే వచ్చేవాళ్ళు. అర్ధరాత్రి తలుపు కొడితే లేచి, బైబిలు భార్య చేతికిచ్చి, కంజీర గూట్లో పెట్టి వాళ్ళ వెంట నడిచేవాడు. రెండురోజులకో మూడురోజులకో వాచిన పాదాలతో తిరిగి వచ్చేవాడు. మళ్ళీ కూటానికి వస్తే ఆ సంగతి ఎత్తేవాడు కాదు. పిల్లలం అడిగితే, "అబ్బాయా, అది నాకు జరిగింది, నేను చేసింది కాదు. సాక్ష్యంలో నేను చేసిందే చెప్పాల" అనేవాడు.

బొమ్మల పుస్తకం ఒకటి ఆయన దగ్గర ఉండేది. మనిషి గుండెలో జంతువులు కూర్చున్న బొమ్మలు. నెమలి అంటే గర్వం, పులి అంటే కోపం, పాము అంటే అసూయ, తాబేలు అంటే సోమరితనం, పంది అంటే తిండిపోతుతనం. గాస్నర్ అనే జర్మన్ బోధకుడు 1812లో అచ్చువేసిన పుస్తకం అది. ప్రపంచంలో ఎన్నో భాషల్లోకి వెళ్ళి, మా వీధి లైటు కిందికి కూడా వచ్చింది. తాత నెమలిని చూపించేవాడు, పులిని చూపించేవాడు, పంది దగ్గరికి వచ్చేసరికి వేలు పక్కకి జరిపేవాడు. "దీన్ని నేనేమీ అనను. నేను జైల్లో ఉంటే నా బిడ్డల్ని సాకింది ఇదే" అనేవాడు. ఆ బొమ్మ గీసినవాళ్ళకి తెలియని సంగతి ఒక ఎరుకల తండ్రికి తెలుసు. ఆ పుస్తకాన్ని ఆయన తన జీవితంతో దిద్దుకున్నాడు.

బరబ్బ గురించి ఆయనకు తీరని ఆలోచన ఒకటి ఉండేది. యేసుకి బదులు జనం విడిపించుకున్న ఖైదీ బరబ్బ. విడుదలైన తర్వాత అతను ఏమయ్యాడో సువార్తల్లో లేదు. కూటం అయిపోయి లైటు గాలి దింపుతున్నప్పుడు, అందరూ వెళ్ళిపోయాక, తాత మా నాన్నతో ఈ మాట చాలాసార్లు అనేవాడు. సిలువ మీద దొంగ చనిపోయాడు, వాడి పని సులువైపోయింది. బతికి బయటికి వచ్చినవాడి సంగతి ఎవరూ రాయలేదు. వాడు ఊళ్ళోకి ఎట్లా వెళ్ళాడు? వాడికి పని ఎవరిచ్చారు? వాడి పిల్లల్ని బళ్ళో ఏమని పిలిచారు? మా నాన్న నేత పని తప్ప వేరే చదువు లేని మనిషి. "నువ్వే రాస్తన్నావు గదా మావా, రోజూ ఈధిలో" అన్నాడొకసారి. ఎరుకల మనిషిని మా నాన్న మావా అని పిలవడం నేను మొదటిసారి విన్నది అప్పుడే.

తన సొంత ప్రార్థన మాత్రం తెలుగులో చేసేవాడు కాదు. వీధిలో పైకి చేసే ప్రార్థన తెలుగులోనే, కానీ ఆ తర్వాత పక్కకి వెళ్ళి చెట్టుకింద మోకరించి, తమిళానికి దగ్గరగా వినిపించే ఎరుకల భాషలో చిన్నగా మాట్లాడుకునేవాడు. అందులో ఏముందో మాకు తెలియదు, అడగాలనీ అనిపించేది కాదు.

డెబ్భైల్లో హేమలతా లవణం, లవణం దంపతులు స్టువర్టుపురంలో పని మొదలుపెట్టారు. హేమలత జాషువా కవి కూతురు, నాస్తికోద్యమం నడిపిన గోరా గారి కోడలు. నేరాల్ని వదిలినవాళ్ళకి బతుకుతెరువు చూపించడానికి, పిల్లల్ని చదివించడానికి సంస్కార్ అనే సంస్థ పెట్టారు. తాత చెప్పే దేవుడు వాళ్ళకి లేడు. అయినా వాళ్ళ పేరు వస్తే ఆయన కంజీర కింద పెట్టి మాట్లాడేవాడు. దేవుడు ఉన్నాడా లేడా అన్నది ఆయన వాళ్ళతో తేల్చుకోవాలనుకోలేదు. ఊరిలోకి వచ్చి మనుషుల్ని మనుషులుగా చూసినవాళ్ళ లెక్క వేరు.

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన తుఫాను బాపట్ల వైపు కూడా పెద్ద నష్టం చేసింది. కొన్ని వారాలపాటు వీధి సువార్త లేదు. తాత తన ఊరి కుర్రాళ్ళని వెంటేసుకుని శవాలు మోశాడు. పడిపోయిన ఇళ్ళ శిథిలాల్లో బంగారం దొరుకుతుంది, పెట్టెలు దొరుకుతాయి. ఆ కుర్రాళ్ళు దొరికిన ప్రతి వస్తువునీ బతికిన బంధువుల చేతికే ఇచ్చారని ఊళ్ళలో చెప్పుకున్నారు. ఆ సంగతి ఏ పత్రికలోనూ నేను చదవలేదు. అవే చేతులు ఒక్క దొంగతనం చేసి ఉంటే మొదటిపేజీలో వచ్చేది.

ఎనభైల మధ్యకల్లా లౌడుస్పీకర్లు, టేపురికార్డర్లు వచ్చాయి. పాటల కాసెట్లు వచ్చాయి. వీధికూడలిలో లారీలు, ఆటోలు నిండాయి. పొద్దుగూకే వేళకి ఇళ్ళలో టీవీ వెలగసాగింది. బాగా చదువుకున్న బోధకులు, పెద్ద పందిళ్ళు, వేలమంది జనం వచ్చారు. మైకు ముందు తాతని ఒకసారి నిలబెట్టారు. ఆయనకి అది అలవాటు కాలేదు. ఎదురుగా ముఖాలు కనబడవని, తలుపు ఓరగా తీసి వినే ఆడవాళ్ళు ఎక్కడున్నారో తెలియదని అన్నాడు. తర్వాత తర్వాత వేరే మతం మాట వీధిలో చెప్పడమంటేనే అనుమానంగా చూసే రోజులొచ్చాయి. మా నాయనమ్మ మజ్జిగ పంపినట్టు ఇప్పుడు పంపేవాళ్ళూ తక్కువ, మజ్జిగ తాగి వాదన పెట్టుకోకుండా వెళ్ళిపోయేవాళ్ళూ తక్కువ. వినేవాడి ఇంటి ముందు, వినేవాడి వెలుగులో నిలబడి, ముందు తన తప్పు చెప్పుకున్నాకే ఎదుటివాడికి ఒకమాట చెప్పే పద్ధతి అట్లా పోయింది. నా దృష్టిలో ఇది మతాలకి సంబంధించిన నష్టం కాదు, వీధికి జరిగిన నష్టం.

తాత ఎనభైల చివర్లో పోయాడు. శవపేటిక వెనక నడిచినవాళ్ళలో ఆయన కన్నం వేసిన ఇళ్ళవాళ్ళు కూడా ఉన్నారు. దీపం ఆర్పి నిద్రపోలేని ఆ అమ్మాయి, అప్పటికి నడివయసు మనిషి, వచ్చిందని కొందరన్నారు, రాలేదని కొందరన్నారు.

ఆయన పోయిన కొన్నేళ్ళకే, 1991లో, స్టువర్టుపురం పేరుతో సినిమాలు వచ్చాయి. 2023లో టైగర్ నాగేశ్వరరావు సినిమా వచ్చినప్పుడు తమ ఊరినీ తమ కులాన్నీ మళ్ళీ దొంగలుగా చూపిస్తున్నారని ఎరుకలవాళ్ళు అభ్యంతరం చెప్పారు, కోర్టుకి కూడా వెళ్ళారు. నూరేళ్ళ పైబడి వాళ్ళ గురించి ఇతరులే మాట్లాడుతున్నారు. చట్టం మాట్లాడింది, మిషన్ రిపోర్టులు మాట్లాడాయి, పత్రికలు, నవలలు, తెరలు మాట్లాడాయి. ఆ ఊరి మనుషులు తమ గురించి తాము, పేరుపెట్టి, తేదీలు చెప్పి, చేసింది ఇదీ చేయనిది ఇదీ అని విడదీసి మాట్లాడిన చోటు ఒకటుంది. అది వీధి సాక్ష్యం. దాన్ని ఎవరూ రాసిపెట్టలేదు.

తాత ఒక్కరే కాదు, ఆయనలాంటి వాళ్ళు గుంటూరు, ప్రకాశం, నెల్లూరు, కర్నూలు జిల్లాల్లో ఇంకా ఎందరో ఉండేవాళ్ళు. వాళ్ళ పిల్లలు, మనవళ్ళు ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్నారు, ఊళ్ళు దాటి వెళ్ళారు. వాళ్ళలో ఎవరైనా ఇది చదువుతుంటే ఒక్క కోరిక. మీ పెద్దవాళ్ళ సాక్ష్యం రికార్డు చేసిన పాత కాసెట్టు గాని, చేతిరాత పుస్తకం గాని, కూటాల కరపత్రం గాని ఇంట్లో ఎక్కడైనా ఉంటే పాతసామాన్లవాడికి వేయకండి. కాసెట్టు పాడైపోకముందే వేరే దానిలోకి ఎక్కించండి, రాతని నకలు తీయించండి. ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకుని, ఇంకొకటి వేటపాలెం సారస్వత నికేతనం లాంటి ఒక గ్రంథాలయానికి ఇవ్వండి.